కార్డు ఆపిన వేలు

"యెసేనియా గది కార్డును ఆపింది ఎవరు?"

ఎడ్వినా టిల్లరీ ఈ ప్రశ్నను గొంతు పెంచకుండానే అడిగింది. టర్కీ మాంసం పళ్ళెం చేతులు మారుతూ అప్పుడే ఆమె తమ్ముడు రాయిస్ దగ్గరకు వచ్చింది. అతడు దాన్ని కింద పెట్టలేదు, పక్కనున్న భార్యకు అందించనూ లేదు. రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

కృతజ్ఞతల పండుగ నాడు ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ముద్ద నోట పెట్టే ముందు ప్రతి ఒక్కరూ తాము దేనికి కృతజ్ఞులో ఒక మాట చెప్పాలి. శనివారం ఆటకు విద్యార్థుల స్టాండు నిండబోతున్నందుకు, అన్నాడు రాయిస్. అందరం ఒక్క బల్ల దగ్గర ఉన్నందుకు, అన్నది అతడి భార్య డార్లీన్. బల్ల చివర ఎడమ చేతిని ఒళ్ళో దాచుకుని కూర్చున్న యెసేనియా, వేడి భోజనానికి, అన్నది. చివరి వంతు ఎడ్వినాది. ఒక మనిషికి కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఉంది గానీ పేరు తెలియదన్నది. ఆ వెంటనే ఆ ప్రశ్న వేసింది.

"మళ్ళీ మొదలెట్టావా, ఎడీ?" అన్నాడు రాయిస్. "ఏడాదైంది. విచారణ జరిగింది, నివేదిక వచ్చింది. కంప్యూటర్ దానంతటదే ఆపింది. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"ఎన్నిసార్లు చెప్పావో నాకక్కర్లేదు. ఒక్కసారైనా నిజం చెప్పావా అని అడుగుతున్నా."

"పండగ పూట, ఆ పిల్ల ముందు..."

"ఆ పిల్ల ముందే. వేళ్ళు పోయింది ఆ పిల్లకి. నీకు కాదు, నాకూ కాదు."

డార్లీన్ పళ్ళేన్ని భర్త చేతుల్లోంచి మెల్లగా తీసుకుని బల్ల మీద పెట్టింది. ఎవరూ వడ్డించుకోలేదు.

చిన్నప్పుడు పక్కింటి కిటికీ అద్దం పగిలిన రోజు ఎడ్వినాకు గుర్తుకు వచ్చింది. ఆరేళ్ళ రాయిస్ బంతిని చంకలో పెట్టుకుని, తప్పు బంతిదే అని ఏడ్చాడు. అప్పుడు అందరూ నవ్వారు. ఆ నవ్వే అతడిని ఇంత దూరం తీసుకువచ్చిందని ఆమె ఇప్పుడు అనుకుంటుంది.

ఆ ఊరి విశ్వవిద్యాలయంలో పండుగ వారం హాస్టళ్ళు మూసివేస్తారు. పిల్లలు ఇళ్ళకు పోతారు. సరిగ్గా ఆ శనివారమే ఏటా పెద్ద ఫుట్‌బాల్ ఆట పడుతుంది, దేశమంతా టీవీలో చూస్తుంది, విద్యార్థుల స్టాండు మాత్రం పళ్ళూడిన నోరులా కనబడుతుంది. ఆ నోటికి పళ్ళు కట్టించే పని క్రీడల విభాగంలో రాయిస్‌ది. నిరుడు అతడొక ఉపాయం కనిపెట్టాడు. ఆటకు వస్తామని మాట ఇచ్చినవారికి గది తెరిచి ఉంచుతారు, పండుగ భోజనం ఉచితంగా పెడతారు. దానికి బదులు, వారి ఫోన్‌లోని యాప్ వారు మైదానంలోనే ఉన్నారా లేదా అని కనిపెడుతూ ఉంటుంది. ఆటలోని నాలుగు భాగాల్లో ఆఖరిది మొదలయ్యేదాకా కదలకూడదు. ముందే లేచిపోతే హాస్టల్ తలుపు తెరిచే కార్డు చచ్చిపోతుంది.

ఇల్లు దగ్గరున్నవాళ్ళు ఇళ్ళకే పోయారు. విమానం టిక్కెట్టు కొనలేనివాళ్ళు మాట ఇచ్చారు.

యెసేనియా ఇల్లు టెక్సాస్ దక్షిణపు అంచున, నది ఒడ్డున ఉంది. నెబ్రాస్కా చలి ఆమెకు అదే మొదటిసారి. వయొలిన్ నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల. ఆట రోజు జ్వరంతో ఒళ్ళు వణుకుతుంటే మూడో భాగంలో లేచిపోయింది. హాస్టల్ తలుపు తెరుచుకోలేదు. ఎవరినైనా పిలుద్దామంటే, పొద్దున్నుంచీ ఆమెను కాపలా కాసిన యాప్ ఫోన్‌లో చార్జింగంతా తాగేసింది. ఆట రోజు ఆ ఊళ్ళో తెరిచి ఉండేది మైదానం ఒక్కటే. ప్రతి ఆదివారమూ తనకు భోజనం పెట్టే ఎడ్వినా ఇంటికి నడిచింది. ఆ ఇంటికీ తాళం ఉంది. రాయిస్ బలవంతం మీద, ఒంట్లో బాగాలేదన్న డార్లీన్ తప్ప కుటుంబమంతా ఆటకే వెళ్ళింది. గెలుపు పాటలు పాడుకుంటూ తిరిగివచ్చిన వారికి ఆ పిల్ల వెనక మెట్ల మీద మంచులో ముడుచుకుని కనిపించింది. ఎడమ చేతి రెండు వేళ్ళ కొసలు తీసివేయక తప్పలేదు. తీగల మీద నడిచే వేళ్ళు అవే.

ఆమె తన ఇష్టప్రకారమే మైదానం విడిచి వెళ్ళిందని విచారణ నివేదిక చెప్పింది. ఈ ఏడు ఆ షరతును ఎత్తివేయలేదు. పేరు మార్చారు. ఇప్పుడు దాన్ని విధేయత బహుమతి అంటున్నారు.

"ఒక్క మాట అడుగుతా, రాయిస్. కోపం తెచ్చుకోకు," అన్నది ఎడ్వినా.

"నువ్వు అలా అన్నావంటే తెచ్చుకోక తప్పదని అర్థం."

"కొత్త స్టాండు కట్టించి దాని మీద తన పేరు చెక్కించుకున్నాడే ఒక పెద్దమనిషి. సరదాకి మాట ఇచ్చిన అతని కొడుకు కూడా ఆ రోజు మూడో భాగంలోనే లేచిపోయాడు. నలుగుర్ని వెంటేసుకుని విందుకి పోయాడు. వాడే ఊరంతా చెప్పుకుని తిరిగాడు. సాయంత్రం వాడి తలుపు శుభ్రంగా తెరుచుకుంది. మరి ఈ పిల్ల తలుపెందుకు తెరుచుకోలేదు?"

రాయిస్ గ్లాసును పక్కకు జరిపాడు.

"యంత్రానికి మొహమాటం ఉండదు నాయనా. మొహమాటం మనుషులకే ఉంటుంది. ఎవరి కార్డు ఉంచాలో, ఎవరిది ఆపాలో ఎవరో కూర్చుని ఏరారు. ఎవరు?"

దొంగకు తేలు కుట్టినట్టు అతడు ఆ మాట మింగేశాడు. తర్వాత నవ్వాడు. అది క్రీడల విభాగం వారు విలేకరుల ముందు నవ్వే నవ్వు.

"నలభై ఏళ్ళు లాటిన్ చెప్పావు. చచ్చిపోయిన భాషలో బతికున్నవాళ్ళని తిట్టడం బాగా వంటబట్టింది నీకు."

"బతికున్న భాషలో కూడా తిట్టగలను. భోజనాలు కానీ."

"మిస్ టిల్లరీ," అన్నది యెసేనియా, తల ఎత్తకుండా. "ఆ చిలగడదుంపలు కాస్త ఇటు అందిస్తారా?"

గిన్నె వెళ్ళింది. చెంచాల చప్పుడు మొదలైంది. ఆ మాత్రం చప్పుడుకే డార్లీన్ ఊపిరి పీల్చుకుంది, ఎండలో నడిచి నీడకు చేరినట్టు. పాపం, అది తొందరపాటు.

గుమ్మడికాయ తీపి రొట్టె కోయడం అయ్యాక ఎడ్వినా లేచి వంటింటి గోడ మేకుకు వేలాడుతున్న ఎముకను తెచ్చింది. నిరుటి టర్కీ రొమ్ములోని పంగ ఎముక. దాన్ని ఎండబెట్టి, ఇద్దరు చెరో కొన పట్టుకుని లాగుతారు. పెద్ద ముక్క ఎవరి చేతికి వస్తే వారి కోరిక నెరవేరుతుంది. నిరుడు ఆ ఇంట్లో దాన్ని లాగే మనసు ఎవరికీ లేకపోయింది. ఎడ్వినా దాన్ని తమ్ముడి ముందు పెట్టింది.

"ఒక కొస పట్టుకో. రెండోది యెసేనియాది."

యెసేనియా ఎడమ చేతిని ఒళ్ళోంచి తీసి బల్ల మీద ఉంచింది. ఆమె పుట్టుకతోనే ఎడమచేతి వాటం మనిషి. పొట్టివైన రెండు వేళ్ళు ఎముక మీద వాలాయి, జారాయి, మళ్ళీ వాలాయి. ఆ పిల్ల ముఖంలో కోపం లేదు. పాఠం సరిగ్గా పలికే వరకు సాధన చేసే శ్రద్ధ మాత్రమే ఉంది.

రాయిస్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"సోమవారం నన్ను డైరెక్టర్ని చేస్తారు. స్టాండు నిండితే చేస్తారు. అది నీకు తెలుసు. అది చూసి ఓర్వలేక ఇదంతా."

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. నీ ఉద్యోగం మాట ఇక్కడ ఎవరెత్తారు?"

తలుపు మూసుకుంది. భర్త వెనకే పరుగెత్తిన డార్లీన్ శాలువా కుర్చీ మీదే ఉండిపోయింది.

*

శాలువా కోసమని డార్లీన్ మరునాడు పొద్దున వచ్చింది. శాలువాను ముట్టుకోలేదు. టర్కీ ఎముకలు సూపు కోసం పొయ్యి మీద మరుగుతున్నాయి. ఎడ్వినా నురగ తీస్తున్నది.

"హాస్టల్ పిల్లలు వారం నుంచీ నీ ఇంటికొచ్చిపోతున్నారట," అన్నది డార్లీన్.

"వస్తున్నారు. బిస్కెట్లు చేసి పెడుతున్నా."

"రాయిస్‌కి తెలిసిపోయింది, ఎడ్వినా."

"ఏం తెలిసింది?"

"నువ్వు ఎప్పట్లాగే విద్యార్థుల స్టాండులో మొదటి వరసలో కూర్చుంటావు. మూడో భాగంలో మెడలోని ఎర్ర కండువా తీస్తావు. అది చూసి స్టాండు స్టాండంతా లేచిపోతుంది. టీవీ వాళ్ళ కళ్ళ ముందు."

"బాగా తెలిసింది. ఒక్కటే మర్చిపోయాడు. లేచిన వందల మంది కార్డులు ఆపాలా వద్దా అన్నది అప్పుడు ఎవరో ఒకరు తేల్చాలి. ఆపకపోతే పోయినేడు ఆ పిల్లది ఎందుకు ఆపారో చెప్పాలి. ఆపితే ఆపే చెయ్యి అందరికీ కనపడుతుంది. నాకు ఆ చెయ్యి కావాలి."

"ఆ పిల్లలంతా ఈ చలిలో ఎక్కడ పడుకుంటారు?"

"పోయినేడు నువ్వీ ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది."

డార్లీన్ పొయ్యి వైపు తిరిగింది. ఎడ్వినా గరిటె పక్కన పెట్టింది.

"మా వీధిలో ఈసారి ఒక్క తలుపుకీ తాళం ఉండదు. వెనక వీధిలోనూ ఉండదు. ఇంటింటికీ వెళ్ళి మాట తీసుకున్నాను. పరుపులు పరిచి ఉన్నాయి. నా పగలో ఎవరి వేళ్ళూ గడ్డకట్టవు. నాది మీ ఆయన పని లాంటిది కాదు, నేను ముందే ఆలోచించుకుని చేస్తా."

గోడ మేకుకు మళ్ళీ వేలాడుతున్న ఎముకను డార్లీన్ చూస్తున్నది. నిరుడు ఆసుపత్రిలో యెసేనియా మంచం పక్కన నాలుగు రోజులు కదలకుండా కూర్చున్నది ఈ డార్లీనే. పిల్లలు లేని మనిషి, మనసు వెన్న, అని ఊరంతా అన్నది. ఎడ్వినా కూడా అన్నది.

"ఆ రోజు ఒంట్లో బాగాలేదని నేను ఆటకి రాలేదు," అన్నది డార్లీన్. "గుర్తుందా?"

"గుర్తుంది."

"కార్డులు ఆపే రాయిస్ కంప్యూటర్ ఆ రోజు మైదానంలో లేదు. మా వంటింట్లో ఉంది."

ఎడ్వినా మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చున్నది.

"పేర్లు ఎవరు చదివారు?"

"మైదానం నుంచి నాకు ఫోన్ చేసేది ఎవరో నువ్వే చెప్పు. లేచిపోయినవాళ్ళ జాబితాలోంచి ఒక్కో పేరు చదివాడు. ఇది వదిలెయ్, ఇది ఆపు, ఇది వదిలెయ్. కూరగాయలు ఏరినట్టు. పొయ్యి మీద పులుసు మాడుతోంది, త్వరగా కానియ్ అన్నాను. ఆ పేరు పలకడం కూడా రాలేదు అతనికి. నేనే సరిచేసి చెప్పాను, యెసేనియా అని. చెప్పి, నొక్కాను."

"ఆసుపత్రిలో ఆ నాలుగు రోజులూ..."

"అందుకే."

"ఆ పిల్లకి చెప్పావా?"

డార్లీన్ శాలువా తీసుకుని మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది.

"నిన్ను ఆగమని అడగడానికి రాలేదు, ఎడ్వినా. రేపు నన్ను ఎక్కడ కూర్చోబెట్టబోతున్నావో తెలుసుకుందామని వచ్చాను."

"నీ కుర్చీలోనే," అన్నది ఎడ్వినా. "దగ్గర్నుంచి చూద్దువుగాని."

ఆమె వెళ్ళిపోయాక ఎడ్వినా పొయ్యి ఆపి చాలాసేపు కూర్చున్నది. గత ఆదివారం చర్చిలో క్షమ గురించి ప్రసంగం జరిగింది. క్షమించమని ఆమెకు ఇంతమంది చెప్పారు గానీ, ఎవరిని క్షమించాలో ఒక్కరూ చెప్పలేదు. చిరునామా లేని క్షమను ఎక్కడికి పంపాలి? ఇప్పుడు చిరునామా దొరికింది. అది ఒకటి కాదు, రెండు. ఒకటి నోరు, ఒకటి వేలు. ఏడాదిపాటు ఒకే మనిషి కొలతకు ఆమె సానపెట్టుకున్న పగ ఇద్దరికి సరిపోతుందా అన్న సందేహం ఆమెకు మొదటిసారి కలిగింది. సందేహాన్ని ఆమె క్షమించలేదు.

*

శనివారం ఆకాశం సీసం రంగులో ఉంది. విద్యార్థుల స్టాండు కిటకిటలాడుతున్నది. టీవీ కెమెరాలు మాటిమాటికీ అటే తిరిగి ఎర్ర టోపీల సముద్రాన్ని దేశానికి చూపిస్తున్నాయి. కింద, అధికారుల కుటుంబాలు కూర్చునే చోట, డార్లీన్ మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని ఉంది. ఆమె ఆట చూడటం లేదు. తల తిప్పి పైకి, ఎడ్వినా వైపు చూస్తున్నది.

యెసేనియా ఎడ్వినా పక్కనే కూర్చున్నది. చేతికి మందపాటి తొడుగు ఉంది. అందులో రెండు వేళ్ళ చివరలు ఖాళీగా వంగి ఉన్నాయి.

మూడో భాగం మొదలైంది. ఎడ్వినా చేయి కండువా ముడి మీదకు వెళ్ళింది. ఆమె వెనక వరుసల్లో ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి. వందల కళ్ళు ఆమె వీపు మీద ఉన్నాయని చూడకుండానే తెలుస్తున్నది.

ఫోన్ మోగింది.

"కండువా తియ్యకు, ఎడీ." రాయిస్ గొంతు. పైన అద్దాల గదిలోంచి తనను చూస్తున్నాడని ఆమెకు అర్థమైంది. "బేరానికొచ్చా."

"చెప్పు."

"నీకు పేరు కావాలి. ఇస్తాను. చాటుగా కాదు. ఆట అయ్యాక, ఈ మైదానం మైకులో, అరవై వేల మంది ముందు. యంత్రం కాదు, మనిషే ఆపారని చెప్తాను. ఆ పిల్లకి క్షమాపణ చెప్తాను. వైద్యం, చదువు అన్నీ విశ్వవిద్యాలయమే చూసుకుంటుంది. నువ్వు కదలకుండా కూర్చో, చాలు."

"ఎవరి పేరు?"

జనం హోరును మించి వినబడేలా అతడు అరిచాడు.

"డార్లీన్. నొక్కిన వేలు తనది."

"చదివిన నోరు ఎవరిది?"

"నువ్వు ఒక పేరు అడిగావు. ఒక పేరు ఇస్తున్నా."

"నీ పెళ్ళాన్ని ఇస్తున్నావు."

"నిజం ఇస్తున్నా. నీకు కావలసింది అదే కదా?" అన్నాడతడు. "తీసేయ్, ఫరవాలేదు. స్టాండు ఖాళీ అవుతుంది, నా ఉద్యోగం పోతుంది, నీ పగ తీరుతుంది. జవాబు మాత్రం నాతోనే పోతుంది. ఆ పిల్ల తన ఇష్టంతోనే వెళ్ళిపోయిందని ఆ నివేదిక చెప్తూనే ఉంటుంది, నువ్వు పోయాక కూడా."

"డార్లీన్ తనే చెప్తే?"

"ఏడాది నుంచి చెప్పిందా?"

ఎడ్వినా ఫోన్ చెవి దగ్గర నుంచి దించింది గానీ ఆపలేదు. హోరును మించి అరిచిన తమ్ముడి మాటలు పక్కనున్నవారికి వినబడకుండా ఉండే అవకాశం లేదు.

యెసేనియా మైదానం వైపే చూస్తున్నది. ముఖంలో ఆశ్చర్యం లేదు.

"నీకు ముందే తెలుసా?" అని అడిగింది ఎడ్వినా.

"ఆసుపత్రిలో నేను నిద్రపోయాననుకుని ఆమె రోజూ చెప్పేది. నిద్రపోతే కదా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆమె రావడం మానేసేది. నాకు అప్పుడు ఇంకెవరున్నారు?"

"సరే. ఇప్పుడు నువ్వు చెప్పు. తియ్యనా, వద్దా?"

ఆ పిల్ల మొదటిసారి ఆమె వైపు తిరిగింది.

"మీరు బిస్కెట్లు చేశారు, ఇంటింటికీ వెళ్ళారు, ఇంతమందిని పోగుచేశారు. ఈ ఏడాదంతా నన్ను ఒక్కసారి కూడా అడగలేదు, మిస్ టిల్లరీ. ఇప్పుడెందుకు అడుగుతున్నారు?"

కండువా ముడి సగం వదులైంది. వెనక వరుసల్లో కొందరు అప్పుడే లేచి నిలబడ్డారు, మరికొందరు లేవబోయి ఆగారు. కింద డార్లీన్ మోకాళ్ళ మీది దుప్పటి నేల మీదకు జారిపోయింది. ఆమె కూడా లేచి నిలబడింది. ఎటు వెళ్ళడానికో ఇక్కడి నుంచి తెలియడం లేదు. మైదానం గడియారంలో మూడో భాగం కరిగిపోతున్నది. ఫోన్‌లో రాయిస్ ఎదురు చూస్తున్నాడు.

ముడి కదిలించకపోతే అరవై వేల మంది ఒక పేరు వింటారు, నోరు తప్పించుకుంటుంది. విప్పితే ఆ నోరు తన కుర్చీ పోగొట్టుకుంటుంది, ఆ పిల్ల తన ఇష్టంతోనే మంచులో కూర్చున్నదన్న అబద్ధం నిలిచిపోతుంది.

ఇంతవరకు చదివి ఎడ్వినా మొండిదని, డార్లీన్ పాపమని, రాయిస్ దుర్మార్గుడని సులువుగా చెప్పేసిన మీరు, ఆ మొదటి వరుసలో ఆమె పక్కన కూర్చోండి. చలికి మీ వేళ్ళు కూడా కాస్త తిమ్మిరెక్కనివ్వండి. ఇప్పుడు చెప్పండి. ఆ కండువా తీయాలా, వద్దా? ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూ చెప్పండి. 'పరిస్థితులు' అన్న మాట మాత్రం వాడకండి.